బండి కొండెక్కింది

మార్చి 4

వదినగారికి,

నా పేరు తుపాకమ్మ. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు కనుక ఇదే రాయమన్నాను. డెబ్బై దాటి చాలా దూరం వచ్చాను, ఎనభై కనుచూపు మేరలో ఉంది. ఇల్లు మూడో అంతస్తు, రెండు గదులు, ఒక వంటిల్లు. అందులో ఉండేది నేను, రొట్టెల బట్టీలో పనిచేసే నా కొడుకు, ఇంటింటికీ వెళ్ళి మంచాన పడ్డవాళ్ళను చూసే నర్సు అయిన నా కోడలు, అనగా మీ కూతురు. నాకు అక్షరం ముక్క రాదు. కింది వాటాలో బట్టలు కుట్టే ఆమె రాస్తోంది, నేను చెబుతున్నాను. ఫోను చేయొచ్చు కదా అంటారేమో. ఫోనులో మీకు సగం మాటలు వినబడవు, వినబడిన సగం మీకు కావలసినట్టు వినబడతాయి. అందుకే కాగితం.

నా అభియోగం ఇది. మొన్న మీ కూతురు మీతో ఫోనులో మాట్లాడుతుంటే నేను పక్కనే వక్క కత్తిరించుకుంటున్నాను. మీరు మెల్లగా మాట్లాడతారా? గోడకు కూడా వినబడింది. "ఏమే, మీ అత్తగారు బండికి ఛార్జి తీసేస్తోందటగా! భయమా, పిసినారితనమా?" అన్నారు. ఈ నోటితో అన్నారు వదినగారూ, నేను ఈ చెవులతో విన్నాను.

నేను తీసేయడమా? ఆ బండి నోట్లో రోజూ ముద్ద పెడుతున్నదే నేను!

మొదట్నుంచీ చెబుతాను, వినండి. కోడలి ఆసుపత్రివాళ్ళు ఒక కారు బండి ఇచ్చారు. హైబ్రిడ్డు అన్నారు. హైబ్రిడ్డు టమాటాలు నాకు తెలుసు, చూపుకు ఎర్రన, కూరలో నీళ్ళు. ఇదీ అంతే అనుకున్నాను. కాదట. దీనికి రెండు కడుపులట. ఒకటి పెట్రోలు తాగుతుంది, ఒకటి కరెంటు తింటుంది. కరెంటు మీద నడిచినంతసేపూ ముందు అద్దం కింద పచ్చదీపం వెలుగుతుంది, చప్పుడుండదు, పొగుండదు. కరెంటు అయిపోతే ఆ దీపం పోయి ఇంజను గురగురమంటుంది.

ఇది ఎందుకిచ్చారంటే కొండమీది కాలనీ కోసం. ఆ కొండ రాళ్ళు కొట్టినవాళ్ళే ఆ కాలనీలో ఉంటున్నారు. అందరికీ గుండెల నిండా రాతిదుమ్మే. మా ఆయన ఆ దుమ్ముతోనే పోయాడు, మీకు తెలుసు. బండి పొగ తగిలితే చాలు, దగ్గి దగ్గి నీలంగా మారిపోతారు. బండి చప్పుడైతే తలుపులు వేసుకుంటారు. అలాంటివాళ్ళ దగ్గరికి నర్సు ఎలా వెళ్ళాలి? అందుకని పెద్ద డాక్టరమ్మ షరతు పెట్టింది. తాను బండిలో కూర్చుంటుంది. కొండదారి మొదలు నుంచి పైదాకా పెట్రోలు ముట్టకుండా ఎక్కితే కొండమీది పని మీ కూతురిదే. ఎక్కకపోతే ఆ పనే లేదు. మీరేమో మీ ఊరి పెద్దాసుపత్రిలో హెడ్డునర్సుతో మాట్లాడి కూతురికి చోటు అట్టిపెట్టించారు. నా కొడుకు రొట్టెలు ఏ ఊళ్ళోనైనా కాలుస్తాడు. మరి నేను? మూడో అంతస్తులో ఒక్కదాన్నీ గోడలతో పోట్లాడుకోవాలా?

బండి వచ్చిన కొత్తలో ఇంట్లో సందడే సందడి. వైరు పెట్టేవాళ్ళు ఒకరు, ఫొటో తీసేవాళ్ళు ఒకరు. వారం తిరిగేసరికి ఎవరికీ పట్టలేదు. కోడలు అలిసిపోయి వస్తుంది, "రేపు పెడతాలే అత్తయ్యా" అంటుంది. కొడుకు, "పెట్రోలు ఉందిగా అమ్మా, ఆ వైరు ఎవడు లాగుతాడు?" అంటాడు. పై వాటా ఆయన, "రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన బండి అది" అని నవ్వుతాడు. స్కూటర్లవాళ్ళు ఇది పేలుతుందేమోనని తమ స్కూటర్లు దూరంగా పెట్టుకున్నారు. కొండచిలువంత వైరు, నిజమే. అయితే ఏం? నేను మూడంతస్తులు దిగి, దాన్ని భుజాన వేసుకుని, గోడకున్న ప్లగ్గులో గుచ్చి వస్తున్నాను. మెట్ల మీద బల్బు కొండెక్కి ఎన్నాళ్ళయిందో, తడుముకుంటూ ఎక్కుతున్నాను. నా మోకాళ్ళను అడగండి, సాక్ష్యం చెబుతాయి.

ఇదీ నా వాదన. మీరు తప్పు ఒప్పుకుని జవాబు రాయాలి. సిరా పూసుకుని వేలిముద్ర వేశాను. రాసిన ఆమె సాక్షి, గేటు కాపలా పెద్దాయన ఇంకో సాక్షి.

తుపాకమ్మ


మార్చి 10

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. విప్పగానే కాగితం వేడిగా తగిలింది. మా పోస్టుమాను కూడా "ఏమ్మా, బరువుగా ఉంది?" అన్నాడు.

జరిగింది ఇది. ఆ రోజు అమ్మాయి ఫోనులో "ఛార్జి సంగతి అత్తయ్య తీసుకున్నారమ్మా" అంది. బాధ్యత తీసుకున్నారు అని దాని అర్థమట. ఆ "తీసుకున్నారు" నా చెవి దాకా వచ్చేసరికి "తీసేస్తున్నారు" అయింది. రెండక్షరాలు నా కుడిచెవిలో ఇరుక్కున్నాయి. దానికి నేనేం చేయను? ఎడమచెవి అయితే మొత్తం మాటే రాదు. పొరపాటు పడ్డానని ఒప్పుకుంటున్నాను. పిసినారితనం అన్న మాట మాత్రం ఉండనివ్వండి, పెళ్ళిలో మా వాళ్ళకు మీరు మజ్జిగ ఎంత పలచగా పోయించారో నేను మరిచిపోలేదు.

అసలు మాటకు వస్తాను. కోపం తెచ్చుకోకండి. అమ్మాయి నా దగ్గరికి రావాలని నాకుంది. ముందుగది ఖాళీ చేసి గోడలకు రంగు వేయించాను. ఇక్కడి ఆసుపత్రిలో లిఫ్టు ఉంది, వేళకు పని, వేళకు ఇల్లు. మీ దగ్గర అది ఎండలో వీధులు పట్టుకుని తిరుగుతోంది. ఆ బండి సంగతా? మా పక్కింటాయన దగ్గరా ఉందొకటి. కొన్న రోజు నుంచి ఇప్పటిదాకా దానికి వైరు తగిలించింది లేదు, వైరు ఇంకా సంచీలోంచే తీయలేదు. అడిగితే "పెట్రోలు బంకు దారిలోనే ఉందండీ" అంటాడు. మనుషులు అలాంటివాళ్ళు. బండి మంచిదే కావచ్చు, అలవాటు చెడ్డది.

అయినా న్యాయం న్యాయమే. ఆ బండి గనక కరెంటుతో కొండ ఎక్కితే ఇక నేను అమ్మాయిని రమ్మని అడగను. హెడ్డునర్సుకూ వద్దని చెప్పేస్తాను. మాట ఇస్తున్నాను. ఎక్కదనే నా నమ్మకం.

మీ వదిన


మార్చి 19

వదినగారికి,

నిన్న పరీక్ష అయింది. కొండెక్కింది. పెద్ద డాక్టరమ్మ చూసింది, నా కోడలు చూసింది, వెనక సీట్లో నేనూ చూశాను. కోడలు ఇంటికి వచ్చి తలుపు వేసుకుని ఏడుస్తోంది. ఇంతకన్నా చెప్పే ఓపిక నాకు లేదు. మీ మాట మీరు నిలబెట్టుకుంటారో ఏం చేస్తారో మీ ఇష్టం.

తుపాకమ్మ, వేలిముద్ర. సాక్షి కుట్టుపనామె.


మార్చి 24

వదినగారూ, వదినగారూ!

గెలిచారు! ఓడిపోయాను! ఉత్తరం చదివితే ఏడుపు రాలేదని చెప్పను. అయితే మధ్యాహ్నానికి ఏడుపు ఎటు పోయిందో పోయింది, ఇంత సంతోషం ఎక్కడినుంచి వచ్చిందో వచ్చింది. నా కూతురు, ఆ పొగలేని బండిలో, ఆ కొండమీద! ఎదురింటివాళ్ళకు చెప్పాను, కూరగాయలామెకు చెప్పాను. పక్కింటాయన తలుపు కొట్టి "ఎక్కిందండీ, కరెంటుతోనే ఎక్కింది! మీ వైరు సంచీలోంచి తీయండి" అన్నాను. ఆయన సిగ్గుపడి నిజంగానే తీశాడు. ఎక్కడ గుచ్చాలో తెలియక ఇద్దరం చాలాసేపు బండి చుట్టూ ప్రదక్షిణం చేశాం.

అమ్మాయికి ఫోను చేశాను. "అమ్మా, కొండ..." అని ఒకటే ఏడుపు. ఆనందబాష్పాలే అనుకుని నేనూ ఇటునుంచి ఏడ్చాను. ఇద్దరం బాగా ఏడ్చుకుని పెట్టేశాం.

మాట ఇచ్చాను కదా, నిలబెట్టుకున్నాను. హెడ్డునర్సుకు చెప్పేశాను, ఆ చోటు అదే రోజు ఇంకో అమ్మాయికి ఇచ్చేశారు. ముందుగది సంగీతం చెప్పే ఒకామెకు అద్దెకిచ్చాను. హార్మోనియం కూడా దింపేసింది. నాకు చెవుడని తెలిసి మరీ సంతోషంగా చేరింది.

మీ మోకాళ్ళకు నా దండాలు.

ఓడిన వదిన


మార్చి 28

అయ్యో వదినగారూ, ఎంత పని చేశారు!

దీపం కొండెక్కిందండీ! బండి కాదు! పచ్చదీపం!

కుట్టుపనామె మీ ఉత్తరం చదువుతుంటే నేను మంచం మీద నుంచి లేచి నిలబడ్డాను. "దీపం అన్న మాట ఎందుకు రాయలేదే?" అని ఆమె మీద పడ్డాను. "మీరు చెప్పందే నేనెలా రాస్తాను పిన్నీ? మీరు పళ్ళు కొరుకుతూ కొండెక్కింది అన్నారు, నేను అదే రాశాను" అంది. ఆమె అన్నదీ నిజమే. వెలిగే దీపాన్ని పట్టుకుని ఆరిపోయిందని నేను ఈ జన్మలో అనలేదు, అనను. కొండెక్కింది అంటాను. ఇన్నేళ్ళూ ఎవరికీ అర్థం కాకపోలేదు. ఎదురుగా నిజం కొండ ఒకటి నిలబడి ఉండగా ఆ మాట వాడకూడదని నాకెలా తెలుస్తుంది?

జరిగింది చెబుతాను. ముందురోజు సాయంత్రం నేనే వైరు గుచ్చాను. తెల్లారి బండి కడుపు నిండుగా ఉంది. నేను స్నానానికి వెళ్ళానో లేదో, నా సుపుత్రుడు తాళం తీసుకుని పిండి బస్తాలు తేవడానికి ఊరి ఆ చివరికి వెళ్ళి వచ్చాడు. పెట్రోలు అయితే కొలుచుకుని వాడతాడు. ఇదేమో, "ఊరికే గోడలోంచి వచ్చేదేగా అమ్మా" అన్నాడు! అమ్మ వంట కూడా ఊరికే వచ్చేదే కదా వీళ్ళకు. వాడు తినేసి వచ్చిన కడుపుతో బండి కొండకు బయలుదేరింది. మొదటి మలుపు తిరిగామో లేదో పచ్చదీపం పోయింది, ఇంజను గురగురలాడింది. పై ఇళ్ళ తలుపులు టపటపా పడిపోయాయి. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

డాక్టరమ్మ మంచిది. ఏప్రిల్ మొదటి ఆదివారం ఇంకొక్కసారి చూస్తానంది. ఇంకొక్కసారే. ఇప్పుడు చూడండి మన గతి. అక్కడ చోటు పోయింది, ఇక్కడ చోటు రాలేదు. మీ నోటిదూలకూ నా నోటిపొదుపుకూ మధ్యలో ఆ పిల్ల వేలాడుతోంది. కొడుకును తిట్టాను, కుట్టుపనామెను తిట్టాను, మిమ్మల్నీ తిట్టాను, ఇంకెవరూ దొరక్క మీ ఉత్తరాన్ని తిట్టాను.

ఏం చేద్దామో చెప్పండి.

తుపాకమ్మ, వేలిముద్ర. కోపంతో గట్టిగా నొక్కాను, కాగితం చిరిగితే క్షమించాలి.


ఏప్రిల్ 1

వదినగారికి,

ఈ ఉత్తరం ఆదివారం లోపల అందాలని బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను.

నేను చదువుకున్నదాన్నే, ఇంట్లో బల్బు పోతే కొండెక్కిందనే అంటాను. అయినా మీ ఉత్తరం చదివినప్పుడు నాకు కొండే కనిపించింది. ఎందుకో తెలుసా? లోలోపల అది ఎక్కాలని నాకే ఉన్నట్టుంది. ఈ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది.

లెక్క చూశాను. మీరు ఓడితే అమ్మాయి నా దగ్గరికి రాదు, ఇక్కడ చోటు లేదు. మీరు గెలిచినా రాదు. ఎటూ రానప్పుడు గెలవండి! కసిగా గెలవండి!

పక్కింటాయన వారం రోజులుగా వైరు పెడుతున్నాడు కదా, ఇప్పుడు ఆయనకు ఆ బండి తప్ప వేరే మాట లేదు. ఆయన చెప్పినవి రాస్తున్నాను. లోపల చల్లగాలి వేయొద్దు, అది కరెంటు తినేస్తుంది. ఎక్కేటప్పుడు పెడలు మీద కాలు దూకించొద్దు, పసిపాపను జోకొట్టినట్టు తొక్కాలి. అనవసరపు బరువు వద్దు. తాళం మా అల్లుడికి అందకూడదు. ఈ ఆఖరుది ఆయన చెప్పలేదు, నేను చెబుతున్నాను.

రావాలని ఉంది. సంగీతమామెకు ఇంటి తాళాలు ఇంకా అప్పగించలేదు, రాలేను. ఏమైందో వెంటనే రాయించండి. ఎక్కితే "బండి" అని రాయండి, పోతే "దీపం" అని రాయండి. నా మీద దయ ఉంచి రెండింటినీ కలపకండి.

మీ వదిన


ఏప్రిల్ 6

వదినగారికి,

నా పేరు తుపాకమ్మే, మారలేదు. వయసు మాత్రం ఈ నెలలో రెండేళ్ళు పెరిగింది. ఇంట్లో ఉండేది నేను, బుద్ధి వచ్చిన కొడుకు, కోడలు. మీరు అడిగిన మాట మొదటే చెబుతున్నాను, కుట్టుపనామెను పెద్ద అక్షరాలతో రాయమన్నాను.

బండి. బండి. బండి.

ఇక మెల్లగా చదువుకోండి. శనివారం సాయంత్రం వైరు గుచ్చి, తాళం కొంగున ముడేసుకుని పడుకున్నాను. కొడుకు పొద్దున్నే వచ్చి "అమ్మా, ఒక్క బస్తా" అన్నాడు. ముడి చూపించాను. నోరు మూసుకుని సైకిలు మీద వెళ్ళాడు.

డాక్టరమ్మ ముందు కూర్చుంది, నేను వెనక మందుల సంచీతో. కూర్చోగానే ఆమె "అబ్బ, ఉక్క" అని చల్లగాలి మీట మీద చెయ్యి వేసింది. మీ ఉత్తరం గుర్తొచ్చింది. "అమ్మా, చెయ్యి తియ్యండి!" అని అరిచాను. తియ్యకేం చేస్తుంది? మీ కూతురు జోకొడుతున్నట్టే నడిపింది. మొదటి మలుపు దాటాం, పచ్చదీపం ఉంది. పాత రాళ్ళ క్రషరు దాటాం, ఉంది. ఆఖరి ఎత్తు దగ్గర మీ కూతురు మెల్లగా "అత్తయ్యా, కొంచెమే మిగిలింది" అంది.

"ఆపు" అన్నాను.

"ఎందుకత్తయ్యా?"

"అనవసరపు బరువు వద్దన్నారు మీ అమ్మ. ఇక్కడ అనవసరం ఎవరు? డాక్టరమ్మ కావాలి, నువ్వు కావాలి, సంచీ కావాలి."

డాక్టరమ్మ "వద్దమ్మా, మీ వయసుకు ఈ ఎత్తా" అంటూనే ఉంది. దిగి తలుపు వేశాను. "పో" అని బండిని వెనక నుంచి చరిచాను, గేదెను తోలినట్టు. అది మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

అప్పుడు మొదలైంది వదినగారూ నా పరీక్ష. కళ్ళకు బండి కనబడదు. ఇక చెవులే దిక్కు. ఇంజను చప్పుడు వినబడిందా, ఓడిపోయినట్టు. తలుపులు టపటపమన్నాయా, ఓడిపోయినట్టు. చెవులు రిక్కించి, చెప్పులు కూడా విప్పి చేత పట్టుకుని ఎక్కాను, నా అడుగుల చప్పుడే నాకు అడ్డొస్తుందని. మీ ఆయాసం తెలుసు, నా ఆయాసం తెలుసు, రెండూ కలిపినంత ఆయాసం. ఒకచోట గురగుర వినబడింది. అయిపోయింది అనుకున్నాను. చూస్తే ఎవరింట్లోనో మిక్సీ! ఆ మిక్సీని ఏం తిట్టాలో అవన్నీ తిట్టి మళ్ళీ ఎక్కాను.

పైకి వెళ్ళేసరికి తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. ఒక్కరు దగ్గడం లేదు. మా ఆయనతో కలిసి రాళ్ళు కొట్టిన ముసలాయన అరుగు మీద కూర్చుని, "ఏం తుపాకమ్మా, మీ కోడలు ఇంట్లోకి వచ్చి చెయ్యి పట్టుకుని నాడి చూసేదాకా బండి వచ్చినట్టే తెలియలేదే!" అన్నాడు. ఆ మాట విని ఆయన పక్కనే అరుగు మీద కూర్చున్నాను. బండి అద్దం కింద పచ్చదీపం వెలుగుతూనే ఉంది, మినుకు మినుకుమంటూ, నాలాగే మొండిగా. డాక్టరమ్మ "రేపటి నుంచే" అంది. దిగేటప్పుడు ఇంకో వింత. కొండ దిగుతుంటే బండి తనంతట తాను కొంచెం కొంచెం నింపుకుందట! కష్టపడి ఎక్కినవాళ్ళకు దిగేటప్పుడు దక్కుతుందన్నమాట. ఆ దక్కింది మా వాడికి చెప్పొద్దన్నాను, పిండికి బయలుదేరతాడు.

కొండమీద మీ కూతురికి ఫోను ఇచ్చి మీతో మాట్లాడమన్నాను. మీరు ఎత్తకముందే అది ఏడుపు మొదలెట్టింది, నేనే లాక్కుని పెట్టేశాను. ఇంకోసారి మీ ఇద్దరూ ఏడ్చుకుంటే ఈసారి ఏ చోటు పోతుందో.

ఇక అసలు సంగతి. ఆ ఎత్తు ఎక్కిన దగ్గర్నుంచి నా మోకాళ్ళు నా మాట వినడం లేదు. గది దాటడమే గగనం, మూడంతస్తులు దిగి వైరు గుచ్చడం ఎక్కడ? కోడలు "నేను పెడతాలే అత్తయ్యా" అంటోంది. ఆ "రేపు పెడతాలే" నాకు తెలుసు. కొడుకు పెడతాడు, తెల్లారేసరికి తినేస్తాడు. ఈ ఇంట్లో నమ్మకస్తుల కొరత ఉంది.

మీ ముందుగది హార్మోనియానికి పోయింది. మీ కూతురు మీ దగ్గరికి రాదు. నా చేతిలో ఓడి, ఆఖర్న నాకే దారి చెప్పారు. ఇక్కడ నా గదిలో రెండో మంచం పడుతుంది, కొలిపించి చూశాను. మజ్జిగ చిక్కగా పోయిస్తాను. పోట్లాడుకోవడానికి గోడలకన్నా మీరే నయం, కనీసం సగం వింటారు.

కాబట్టి సర్దుకుని రండి. వచ్చి ఛార్జి తీసుకోండి. కుట్టుపనామెతో రెండుసార్లు చదివించుకుని విన్నాను, సరిగ్గానే రాసింది. తీసుకోండి.

ఇది నా బొటనవేలి ముద్ర.

సాక్షులు: రాసిన కుట్టుపనామె. గేటు కాపలా పెద్దాయన. మూడో గీత ఖాళీగా ఉంచాను. ఆ సంతకం మీరు వచ్చి చేయాలి.